కుడి బాణం కదలడానికే, తెరవడానికి కాదు

ఆదోని పత్తి మార్కెట్ ధరలను సంవత్సరం, నెల, వారం, తేదీ అంటూ నాలుగు ఫోల్డర్ల లోతులో దాచుకున్నారనుకోండి. లినక్స్ టెర్మినల్‌లో కీబోర్డుతో నడిపే ఫైల్ మేనేజర్లు రేంజర్‌లోనో ఎల్‌ఎఫ్‌లోనో అక్కడికి దిగాలంటే ఎల్ కీ నాలుగుసార్లు నొక్కాలి. ఐదోసారి వేలు పడిందా, అక్కడ కర్సర్ కింద ఏ ఫైల్ ఉంటే అది తెరుచుకుంటుంది. చిన్న సీఎస్‌వీ అయితే ఫర్వాలేదు, మూసేసి వచ్చేయొచ్చు. 2 జీబీ డేటాబేస్ డంప్ అయితే ఎడిటర్ దాన్ని మెమరీలోకి లాక్కుంటూ కూర్చుంటుంది, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్ మొత్తం బిగుసుకుపోతుంది. వీడియో అయితే శబ్దం మొదలవుతుంది. హెచ్‌టీఎంఎల్ అయితే బ్రౌజర్ లేచి, ఆ పేజీ బయటి నుంచి తెచ్చుకునే బొమ్మలు, స్క్రిప్టుల కోసం నెట్‌లోకి వెళ్తుంది. లిబ్రెఆఫీస్ ఫైల్ అయితే పక్కనే ఒక లాక్ ఫైల్ పుడుతుంది. అది ఆఫీసులో అందరూ వాడే షేర్డ్ ఫోల్డర్ అయితే అవతలివాళ్లకు "వేరొకరు తెరిచి ఉన్నారు" అని కనిపిస్తుంది.

తప్పు వేలిది కాదు. లోపలికి వెళ్లడం, ఫైల్ తెరవడం అనే రెండు వేర్వేరు పనులను ఒకే కీకి కట్టిన డిఫాల్ట్‌ది. ఫోల్డర్‌లోకి వెళ్లడానికి ఖర్చేమీ లేదు, హెచ్ నొక్కితే వెనక్కి వచ్చేస్తాం. ఫైల్ తెరవడం అలా కాదు, ఇంకో ప్రోగ్రామ్ మొదలవుతుంది, దాన్ని హెచ్ వెనక్కి తీసుకోలేదు. మూడోది నడపడం, అంటే ఫైల్‌నే ప్రోగ్రామ్‌గా భావించి అమలు చేయడం. ఈ మూడింటికీ మూడు వేర్వేరు కీలు ఉండాలి, మూడోది అడిగి మరీ చేయాలి. ఏ ఫైల్ మేనేజర్‌లోనైనా సెట్టింగులు మార్చేటప్పుడు నేను చూసేది ఇదొక్కటే. రంగులు, ఐకాన్లు తర్వాత.

కీ నొక్కి పట్టుకున్నప్పుడు ఏం జరుగుతుందో కొంచెం లెక్క చూద్దాం. లినక్స్‌లో స్క్రీన్, కీబోర్డు చూసుకునే ఎక్స్ సర్వర్ సొంత డిఫాల్ట్ ప్రకారం 660 మిల్లీసెకన్లు ఆగి, ఆ తర్వాత సెకనుకు 25 సార్లు అదే కీని పంపుతుంది. డెస్క్‌టాప్‌లు చాలావరకు దీన్ని ఇంకా వేగంగా పెడతాయి. నాలుగు ఫోల్డర్లు దిగడానికి సెకనులో ఆరో వంతు చాలు, సరిగ్గా అక్కడ వేలు తీయడం ఎవరివల్లా కాదు. ఇక ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని ఎస్‌ఎస్‌హెచ్‌లో దూరంగా ఉన్న సర్వర్‌కు వెళ్తే కష్టం రెట్టింపు. సిగ్నల్ ఆగి సాగుతుంటే స్క్రీన్ కదలదు. కదల్లేదని మళ్లీ నొక్కుతాం. ఆగినవన్నీ ఒక్కసారిగా చేరి, వరసగా అమలవుతాయి.

రేంజర్‌లో దీనికి ఫ్లష్‌ఇన్‌పుట్ అనే సెట్టింగ్ ఉంది. ఒక కీ పని అయ్యేసరికి వెనక పోగైన కీలను పారేస్తుంది. డిఫాల్ట్‌గానే ఆన్‌లో ఉంటుంది, జెడ్ తర్వాత పెద్ద ఐ నొక్కితే ఆఫ్ అవుతుంది. పొరపాటున ఆఫ్ చేసి పెట్టుకున్నవాళ్లు ఒకసారి చూసుకోండి. అయితే ఇది ఉపశమనమే. పారేయడం అయిపోయాక వచ్చిన ఒక్క ఎల్ చాలు, ఫైల్ తెరుచుకోడానికి.

అన్నిటికన్నా తేలిగ్గా సరిపోయేది ఎన్‌ఎన్‌ఎన్ అనే ఫైల్ మేనేజర్. హైఫన్ చిన్న ఓ అనే ఆప్షన్ ఇస్తే ఫైళ్లు ఎంటర్‌తో మాత్రమే తెరుచుకుంటాయి. ఎల్, కుడి బాణం ఫోల్డర్లలోకి మాత్రమే వెళ్తాయి. ప్రతిసారీ టైప్ చేయనక్కర్లేదు, టెర్మినల్‌లో కమాండ్లు నడిపే షెల్ ప్రొఫైల్‌లో ఎన్‌ఎన్‌ఎన్ అండర్‌స్కోర్ ఆప్ట్స్ అనే వేరియబుల్‌లో ఓ అక్షరం చేర్చండి. అక్కడ హైఫన్ పెట్టకూడదు, అక్షరాలు మాత్రమే. చిన్న ఈ కూడా చేరిస్తే టెక్స్ట్ ఫైళ్లు మీ ఎడిటర్‌లో తెరుచుకుంటాయి, లేకపోతే అవి కూడా ఏ ఫైల్‌ను దేంతో తెరవాలో తేల్చే సిస్టమ్ ఓపెనర్ దగ్గరికే పోతాయి. టైప్ చేస్తూ వెతికే మోడ్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మీరు కొట్టిన అక్షరాలకు ఒకే ఒక్క ఫోల్డర్ సరిపోతే అది అడగకుండా అందులోకి దూరిపోతుంది, మీరు ఇంకా కొడుతున్న అక్షరాలు కొత్త ఫోల్డర్‌లో వెతుకులాటగా మారతాయి. దాన్ని ఆపడానికి పెద్ద ఏ ఆప్షన్.

యాజీ అనే ఇంకో ఫైల్ మేనేజర్ రాసినవాళ్లు డిఫాల్ట్‌లోనే ఈ విభజన చేశారు. ఎల్, కుడి బాణం లోపలికి వెళ్లడానికే. ఓ లేదా ఎంటర్ తెరవడానికి. పెద్ద ఓ నొక్కితే దేంతో తెరవాలో అడుగుతుంది. తొలగించడంలోనూ అదే తీరు, చిన్న డీ చెత్తబుట్టలోకి, పెద్ద డీ శాశ్వతంగా. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఈ కారణంతోనే దీన్ని చెప్తాను. ఒకే ఒక్క తికమక ఏమిటంటే, ఫోల్డర్ మీద ఎంటర్ కొడితే లోపలికి పోదు, డిఫాల్ట్ నియమాల ప్రకారం ఆ ఫోల్డర్‌ను ఎడిటర్‌లో తెరుస్తుంది. ఇది నచ్చనివాళ్ల కోసం స్మార్ట్ ఎంటర్ అనే ప్లగిన్ ఉంది, ఫోల్డర్ అయితే వెళ్తుంది, ఫైల్ అయితే తెరుస్తుంది. ఆ ప్లగిన్ పేజీ చూసి చాలామంది దాన్ని ఎల్‌కు కడతారు. అప్పుడు మళ్లీ మొదటికొచ్చినట్టే. ఎంటర్‌కు మాత్రమే కట్టండి, ఎల్‌ను ముట్టుకోకండి. ఏ కీ ఏం చేయాలో రాసే కీమ్యాప్ ఫైల్‌లో ఆ విభాగం పేరు పాత వెర్షన్లలో మేనేజర్, కొత్తవాటిలో ఎంజీఆర్. పేరు తప్పితే మీ కీ పనిచేయదు.

రేంజర్‌లో ఎల్, కుడి బాణం, ఎంటర్ మూడూ ఒకే ఆజ్ఞ, కుడివైపు ఒక అడుగు. అది ఫోల్డర్ అయితే ప్రవేశం, ఫైల్ అయితే తెరవడం. ఇంకో విషయం చాలామందికి తెలియదు. స్పేస్‌తో కొన్ని ఫైళ్లు గుర్తు పెట్టి ఉంచి, ఏదో ఒక ఫైల్ మీద ఎల్ నొక్కితే తెరుచుకునేది కర్సర్ కింది ఫైల్ కాదు, గుర్తు పెట్టినవన్నీ. పెళ్లి ఫొటోల ఫోల్డర్‌లో కాపీ చేద్దామని ఎనభై గుర్తు పెట్టుకుని ఇలా నొక్కితే ఏమవుతుందో ఊహించుకోండి.

దీన్ని మార్చడానికి రేంజర్ సెట్టింగుల ఫైల్ ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో ఒక లైన్ చాలు. ఎల్‌ను ఇవాల్ అనే ఆజ్ఞకు కట్టి, దానికి ఒక షరతు ఇవ్వాలి, ఎఫ్‌ఎం డాట్ దిస్‌ఫైల్ డాట్ ఈజ్ అండర్‌స్కోర్ డైరెక్టరీ నిజమైతేనే ఎఫ్‌ఎం డాట్ మూవ్, రైట్ ఈక్వల్స్ ఒకటి. ఇదే లైన్‌ను కుడి బాణానికి విడిగా మళ్లీ రాయాలి. డిఫాల్ట్ ఫైల్‌లో కుడి బాణాన్ని ఎల్‌కు కాపీమ్యాప్ చేసి ఉంటుంది కదా, ఒకటి మారిస్తే రెండోది కూడా మారుతుందనుకుంటారు. మారదు. కాపీమ్యాప్ ఆ క్షణానికి ఉన్నదాన్ని నకలు తీస్తుంది, అంతే. ఎంటర్‌ను మాత్రం ఉన్నది ఉన్నట్టు వదిలేయండి. ఖాళీ ఫోల్డర్‌లో ఎల్ నొక్కితే కింద ఒక ఎర్రర్ కనిపించొచ్చు, అక్కడ దిస్‌ఫైల్ అనేదే లేదు కాబట్టి. హాని లేదు, వద్దనుకుంటే షరతుకు ముందు దిస్‌ఫైల్ ఉందా అని ఇంకో మాట చేర్చండి.

ఏ ఫైల్ దేంతో తెరవాలో రేంజర్‌లో నిర్ణయించేది రైఫిల్. దాని కాన్ఫ్ ఫైల్ పైనుంచి కిందికి చదువుతుంది, మొదట సరిపోయిన లైనే డిఫాల్ట్. ఆ ఫైల్ రాసినవాళ్లు జాగ్రత్త తెలిసినవాళ్లు. టెక్స్ట్‌కు ఎడిటర్ ముందు, చదవడానికి మాత్రమే చూపించే పేజర్ తర్వాత, షెల్, పైథాన్ స్క్రిప్టులను నడిపే లైన్లు వాటికి కింద, ఇక అమలయ్యే బైనరీని నడిపే లైన్ ఫైల్ చివరి భాగంలో. పొరపాటున ఎప్పుడూ తగలకూడదనే అక్కడ పెట్టామని కామెంట్ కూడా రాశారు. దీన్ని చెడగొట్టేది మనమే. పైథాన్ స్క్రిప్టులు ఎంటర్‌తో నడిస్తే బాగుంటుందని ఆ లైన్‌ను పైకి జరిపేస్తాం. జరపకండి. చిన్న ఆర్ నొక్కితే సరిపోయే ప్రోగ్రాములన్నీ నంబర్లతో కనిపిస్తాయి, నడిపే లైన్ నంబర్ అక్కడ ఎంచుకుంటే సరి. నిజానికి నేనైతే పేజర్ లైన్‌ను ఎడిటర్ కన్నా పైకి తెస్తాను, మార్చాలనుకున్నప్పుడు ఎడిటర్‌ను అడిగి పిలుస్తాను.

ఇక్కడ తప్పు జరిగే చోటు ఒకటుంది. ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో మీరు రాసింది డిఫాల్ట్ మీద అదనంగా చేరుతుంది. రైఫిల్ డాట్ కాన్ఫ్ అలా కాదు, మీ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఒకటి ఉంటే డిఫాల్ట్‌ను అసలు చూడదు. ఒక్క లైన్ రాసి పెట్టారంటే మిగతా ఫైళ్ల రకాలన్నీ తెరుచుకోవడం మానేస్తాయి. ముందు రేంజర్‌ను కాపీ హైఫన్ కాన్ఫిగ్ ఈక్వల్స్ రైఫిల్ అనే ఆప్షన్‌తో నడిపి పూర్తి నకలు తెచ్చుకుని, అందులో మార్చాలి.

ఎల్‌ఎఫ్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడ మంచి ఉద్దేశంతో రాసిన మార్పే కొత్త ప్రమాదం తెస్తుంది. ఎల్, కుడి బాణం రెండూ ఓపెన్ అనే ఆజ్ఞకు కట్టి ఉంటాయి. ఫోల్డర్ అయితే వెళ్తుంది, ఫైల్ అయితే సిస్టమ్ ఓపెనర్‌కు ఇస్తుంది. ఎల్‌ను ఫోల్డర్లకే పరిమితం చేద్దామని చాలామందికి మొదట తట్టేది ఇది: ఎల్ నొక్కగానే వెనక ఒక షెల్ లైన్ నడవాలి, కర్సర్ కిందది ఫోల్డరేనా అని పరీక్షించాలి, అయితే నడుస్తున్న ఎల్‌ఎఫ్‌కు ఆజ్ఞలు చేరవేసే ఎల్‌ఎఫ్ రిమోట్ ద్వారా ఓపెన్ అని తిరిగి పంపాలి. నెమ్మదిగా నొక్కితే చక్కగా పనిచేస్తుంది. గబగబా రెండుసార్లు నొక్కితే రెండు షెల్‌లూ ఇంకా పాత ఫోల్డర్‌నే చూస్తాయి, రెండూ "ఔను, ఫోల్డరే" అంటాయి, రెండు ఓపెన్‌లు వెళ్తాయి. మొదటి ఓపెన్ లోపలికి తీసుకెళ్తుంది, రెండోది లోపల మొదట ఉన్న ఫైల్‌ను తెరిచేస్తుంది. కాపలా పెట్టింది దేనికో అదే జరిగింది. మందు తేలికే. ఓపెన్ అని పంపకండి, పరీక్షించిన ఫోల్డర్ పూర్తి దారితో సీడీ, అంటే ఆ ఫోల్డర్‌కు వెళ్లు అని పంపండి. అదే ఫోల్డర్‌కు రెండుసార్లు సీడీ చేసినా నష్టం లేదు. దారిలో కోట్ గుర్తులు, వెనుక గీతలు (బ్యాక్‌స్లాష్) ఉంటే వాటి ముందు ఇంకో వెనుక గీత చేర్చి పంపాలి, లేకపోతే అలాంటి పేర్లున్న ఫోల్డర్లు మాత్రం తెరుచుకోవు.

ఇంత తలనొప్పి వద్దనుకుంటే ఇంకో దారి ఉంది, నాకు ఎల్‌ఎఫ్‌లో ఇదే నచ్చుతుంది. ఎల్‌ను అలాగే ఉంచి, ఓపెన్ అనే ఆజ్ఞను మీరే కొత్తగా నిర్వచించండి, ఫైల్‌ను లెస్ అనే పేజర్‌లో చూపించడం అని. మీ నిర్వచనం ఫైళ్లకే వర్తిస్తుంది, ఫోల్డర్లలోకి వెళ్లడం మామూలుగానే సాగుతుంది. అసలైన ఓపెనర్‌ను ఓ కీకి కట్టుకోండి. లెస్‌లో ఈ పనికి పుట్టుకతోనే మూడు మంచి గుణాలు ఉన్నాయి. ఫైల్ ఎంత పెద్దదైనా మొత్తం చదవకుండా మొదటి పేజీ చూపిస్తుంది, కాబట్టి ఆ 2 జీబీ డంప్ క్షణంలో వస్తుంది, క్యూ నొక్కితే పోతుంది. బైనరీ అయితే చూపించాలా అని అడుగుతుంది. రెండు ప్రోగ్రాముల మధ్య డేటా పంపే పైప్ లాంటి, మామూలు ఫైల్ కానిది ఎదురైతే చిన్న ఎఫ్ ఆప్షన్ ఇస్తేనే చూపిస్తానని ఆగిపోతుంది. ఎడిట్ చేయాలనిపిస్తే లెస్‌లో నుంచే వీ నొక్కొచ్చు. ఫైల్ పేరుకు ముందు రెండు హైఫన్లు పెట్టడం మరవకండి. పేరే హైఫన్‌తో మొదలైతే లెస్ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది.

వీఐఎఫ్‌ఎం అనే ఫైల్ మేనేజర్‌లో రన్‌ఎక్జెక్ అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఆఫ్, అంటే అమలయ్యే ఫైల్ మీద ఎంటర్ కొట్టినా నడవదు. అలాగే ఉంచండి. డబుల్ చిన్న డీ చెత్తబుట్టలోకి, డబుల్ పెద్ద డీ శాశ్వతంగా. ఎల్‌ను ఫోల్డర్లకే పరిమితం చేయాలంటే ఫైల్‌టైప్ అనే ఫంక్షన్ ఉంది, ఫోల్డర్ అయితే డీఐఆర్ అని ఇస్తుంది, దాని మీద షరతు రాసుకోవచ్చు.

మిడ్‌నైట్ కమాండర్, పెన్‌డ్రైవ్

మిడ్‌నైట్ కమాండర్ అనే ఫైల్ మేనేజర్‌లో బాణం సమస్య అసలు లేదు. లింక్స్ తరహా కదలిక అనే ఆప్షన్ డిఫాల్ట్‌గా ఆఫ్, ఆన్ చేసినా కుడి బాణం ఫోల్డర్లలోకి మాత్రమే వెళ్తుంది, అదీ కింద కమాండ్ లైన్ ఖాళీగా ఉంటేనే. ప్రమాదం ఎంటర్‌లో ఉంది. ఆ ఎక్స్‌టెన్షన్‌కు తెరిచే నియమం ఏదైనా ఉంటే దాన్ని వాడుతుంది, లేకపోతే, ఫైల్‌కు అమలు అనుమతి ఉంటే, నేరుగా నడిపేస్తుంది.

టెక్స్ట్ ఫైల్‌కు అమలు అనుమతి ఎందుకుంటుంది అంటారా. కడప ఏడురోడ్ల దగ్గర జెరాక్స్ షాపులో ప్రింట్ తీయించి తెచ్చిన పెన్‌డ్రైవ్‌నే తీసుకోండి. అది ఎక్కువగా ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటుంది. ఫ్యాట్‌లో లినక్స్ అనుమతులు దాచుకునే చోటే లేదు, కాబట్టి మౌంట్ చేసేటప్పుడు, అంటే సిస్టమ్‌కు కలిపేటప్పుడు, అన్ని ఫైళ్లకూ కలిపి ఒకే అనుమతి కల్పిస్తారు. ఆప్షన్లు ఏమీ ఇవ్వకుండా చేత్తో మౌంట్ చేస్తే అది మామూలుగా 755, అంటే అమలు అనుమతి అందరికీ ఉన్నట్టే. అప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ, బిల్లులు, ఉత్తరాలు, ఫొటోలు, ప్రోగ్రాముల్లాగే కనిపిస్తాయి, పేర్ల ముందు నక్షత్రం గుర్తుతో. డెస్క్‌టాప్ తనంతట తాను మౌంట్ చేస్తే షోఎక్జెక్ ఆప్షన్ వాడుతుంది కాబట్టి విండోస్ ప్రోగ్రాముల ఎక్స్‌టెన్షన్లకే ఆ అనుమతి వస్తుంది. డెస్క్‌టాప్ లేని సర్వర్‌లో ఆ రక్షణ ఉండదు.

అసలు నష్టం ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఫైల్ మొదటి లైన్‌లో దాన్ని నడిపే ఇంటర్‌ప్రెటర్ ప్రోగ్రామ్ పేరేదీ లేకపోతే లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ నడపనంటుంది, కానీ షెల్ ఊరుకోదు, దాన్ని తన స్క్రిప్ట్ అనుకుని లైన్ తర్వాత లైన్ అమలు చేస్తుంది. ఎక్కువ లైన్లు "కమాండ్ దొరకలేదు" అనే ఎర్రర్లుగా పోతాయి. అయితే ఈమెయిల్ నుంచి సేవ్ చేసుకున్న ఉత్తరం అయితే? అవతలివాళ్ల పాత మాటల ముందు పెద్దది అనే గుర్తు (>) ఉంటుంది కదా. షెల్‌కు ఆ గుర్తంటే, తర్వాత వచ్చే మాట పేరుతో ఉన్న ఫైల్‌ను ఖాళీ చేసి రాయమని. ఆ మాట పేరుతో ఫైల్ లేకపోతే సున్నా సైజు ఫైల్ పుడుతుంది. ఉంటే లోపలున్నదంతా పోతుంది. చెత్తబుట్ట కూడా కాపాడదు, ఎందుకంటే ఇది తొలగింపు కాదు.

అందుకని మిడ్‌నైట్ కమాండర్ వాడేవాళ్లు రెండు పనులు చేయాలి. ఎఫ్9 నొక్కి ఆప్షన్స్‌లో కన్ఫర్మేషన్ తెరిచి, ఎక్జిక్యూట్ అనే గడిలో టిక్ పెట్టాలి, ఇది డిఫాల్ట్‌గా ఖాళీగా ఉంటుంది. తర్వాత అదే మెనూలో సేవ్ సెటప్. రెండోది, పెన్‌డ్రైవ్‌ను చేత్తో మౌంట్ చేసేటప్పుడు ఎఫ్‌మాస్క్ 0133, డీమాస్క్ 0022 ఇవ్వాలి, ఫైళ్లకు 644, ఫోల్డర్లకు 755 వస్తాయి. డీమాస్క్‌కు కూడా 0133 ఇస్తే మామూలు యూజర్ ఫోల్డర్లలోకి వెళ్లలేరు. నోఎక్జెక్ కూడా చేరిస్తే ఇంకా మంచిది, కానీ అది నేరుగా నడపడాన్నే ఆపుతుంది, ఎవరైనా ఎస్‌హెచ్ పక్కన ఫైల్ పేరు రాస్తే ఆపదు. చూడ్డానికి ఎంటర్ వాడటమే మానేసి ఎఫ్3 అలవాటు చేసుకుంటే ఈ గొడవ సగం తగ్గుతుంది. ఇంకొకటి, కింద కమాండ్ లైన్‌లో ఏవైనా అక్షరాలు పడి ఉంటే ఎంటర్ కర్సర్ కింది ఫైల్‌ను కాదు, ఆ అక్షరాలను కమాండ్‌గా నడుపుతుంది.

సిస్టమ్ ఓపెనర్ అంటే ఎక్స్‌డీజీ ఓపెన్. డెస్క్‌టాప్ లేని మెషీన్‌లో దాన్ని పిలిస్తే ఏమీ జరగదనుకోకండి, ఎలింక్స్, లింక్స్, డబ్ల్యూ3ఎం లాంటి టెక్స్ట్ బ్రౌజర్ల కోసం వెతికి, దొరికినదానితో తెరవడానికి చూస్తుంది. ఎన్‌ఎన్‌ఎన్‌తో వచ్చే న్యూక్ ప్లగిన్‌ను ఓపెనర్‌గా పెట్టి, చిన్న సీ ఆప్షన్ ఇస్తే సర్వర్‌లో అంతా టెర్మినల్‌లోనే తెరుచుకుంటుంది.

టెక్స్ట్ ఫైలే కదా, ఎడిటర్‌లో తెరిస్తే ఏమవుతుంది అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. 2019లో విమ్ ఎడిటర్ మోడ్‌లైన్లలో, అంటే ఫైల్ లోపలే రాసే ఎడిటర్ సెట్టింగుల్లో, ఒక లోపం బయటపడింది, సీవీఈ 2019-12735. ప్రత్యేకంగా తయారుచేసిన టెక్స్ట్ ఫైల్‌ను తెరిస్తే చాలు, అందులో దాచిన ఆజ్ఞ నడిచేది. విమ్ 8.1.1365లో, నియోవిమ్ 0.3.6లో సరిచేశారు. ఇప్పటికీ విమ్‌ఆర్‌సీలో నోమోడ్‌లైన్ పెట్టుకోవడం మంచిదే. ప్రివ్యూ కూడా ఒక రకంగా తెరవడమే. రేంజర్‌లో కర్సర్ ఫైల్ మీద ఆగితే చాలు, స్కోప్ అనే స్క్రిప్ట్ ఆ ఫైల్‌ను బయటి ప్రోగ్రాములకు ఇస్తుంది. ఎవరిదో తెలియని పెన్‌డ్రైవ్‌లో తిరిగేటప్పుడు జెడ్ తర్వాత పీ నొక్కి ప్రివ్యూ ఆపేయండి.

మార్చిందంతా పనిచేస్తోందో లేదో అసలు ఫైళ్ల మీద పరీక్షించకండి. ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో ఐదు ఫోల్డర్లు ఒకదానిలో ఒకటి చేసి, అట్టడుగున ఇవి పెట్టండి: ఒక మామూలు టెక్స్ట్ ఫైల్, అమలు అనుమతి ఉన్న చిన్న స్క్రిప్ట్, ఎంకేఫైఫో కమాండ్‌తో చేసిన పైప్, వేరే ఫోల్డర్‌కు దారి చూపే సింబాలిక్ లింక్, హైఫన్‌తో మొదలయ్యే పేరుతో ఒక ఫైల్, మధ్యలో ఖాళీ ఉన్న తెలుగు పేరుతో ఇంకొకటి. స్క్రిప్ట్ చేయాల్సింది ఒక్కటే, తేదీ, సమయాన్ని తాత్కాలిక ఫోల్డర్‌లోని లాగ్ ఫైల్ చివర చేర్చడం. పైనుంచి ఎల్ మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి. అట్టడుగున, లేదా కర్సర్ లింక్ మీద పడితే దాని లోపల ఆగాలి, ఏదీ తెరుచుకోకూడదు. ఎల్‌ఎఫ్‌లో లెస్ దారి ఎంచుకున్నవాళ్లకు లెస్ తెరుచుకోవడం మాత్రం మామూలే. కర్సర్‌ను ఒక్కో ఫైల్ మీదికి తెచ్చి మళ్లీ అలాగే. లింక్ మీద మాత్రం లోపలికి వెళ్లాలి, వెళ్లకపోతే మీ షరతు లింకులను ఫోల్డర్లుగా గుర్తించడం లేదన్నమాట. ఇదే వరస కుడి బాణంతోనూ చేయండి. ఆ తర్వాత ప్రతి ఫైల్ మీద ఎంటర్ ఒక్కసారి. పైప్ మీద స్క్రీన్ బిగుసుకుపోతే ఓపెనర్ దాన్ని చదవడానికి కాచుకుని ఉన్నట్టు, కంట్రోల్ సీ కొట్టి లెస్‌కు మారండి. చివరికి లాగ్ తెరిచి చూడండి. అందులో ఒక్క తేదీ ఉన్నా, ఏదో ఒక కీ ఇంకా అడగకుండా నడుపుతోంది.